గద్ద కట్టించిన అద్దె గూళ్ళు

ఒక చెరువుగట్టున బోసిపోయిన తుమ్మచెట్టు ఉండేది. దాని యజమాని గద్ద ఒకనాడు వడ్రంగిపిట్టను పిలిచి, "అద్దెకిచ్చే గూళ్ళు తొలిచిపెట్టు. ఈ గట్టుకు మళ్ళీ కళ రావాలి" అంది.

వడ్రంగిపిట్ట పొంగిపోయింది. చెట్టుమీద వాళ్ళందరినీ అడిగి మరీ, గాలి ఆడేలా, జల్లు కొట్టకుండా ముప్పై గూళ్ళు తొలిచింది. తొర్రలో కాపురముంటున్న ముసలి ఉడత "నీ చెయ్యి చల్లగుండ నాయనా" అని దీవించింది.

తోటల నుంచి చిలకలు దిగాయి. చెట్టంతా సందడే సందడి. అప్పుడు గద్ద, కొత్త గూళ్ళకైనా పాత తొర్రకైనా రోజుకో జామపండు అద్దె అంది. ఉడత గట్టంతా గాలించినా దానికి తుమ్మకాయలే దొరికాయి.

"అయ్యా, ఆ అవ్వ ఇక్కడే పుట్టింది" అని వడ్రంగిపిట్ట బతిమాలింది.

"గూళ్ళు బాగున్నాయి కనకే గిరాకీ పెరిగింది. తప్పు నీ పనితనానిదే" అని నవ్వింది గద్ద.

ఉడత చెట్టు దిగి వెళ్ళిపోయింది. "అవ్వా!" అని ఎంత పిలిచినా వెనక్కి చూడలేదు.

ఇక అక్కడ ఉండలేక వడ్రంగిపిట్ట అవతలి గట్టున వేపచెట్టు మీద వాలింది. ఆకలేసి, పురుగు కోసం టకటకా బెరడు పొడిచింది. ఆ చప్పుడు వినగానే, ఉడతకు పట్టిన గతి అప్పటికే విన్న అక్కడి పిచ్చుకలు రెక్కలింకా రాని పిల్లల చుట్టూ మూగి, "ఇక మనమెక్కడికి పోవాలి?" అని ఏడ్చాయి.