కడిగిన గుల్లలు

"కడిగి, ఎండబెట్టి, పెద్దవీ సిన్నవీ ఏరు సేసినానమ్మా. మట్టి రవ్వుంటే ఒట్టు," అంటూ గవర్రాజు మూడు గోనెలు కనకరత్నం ముందు దించాడు.

అతను చేసే గుల్లసున్నం వ్యాపారంలో శుభ్రమైన సరుకుదే ధర.

ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊరు ఖాళీ చేయిస్తున్నారు. వేల ఏళ్ల కిందటి సముద్రం, వానలు, మనుషుల తిండి, అన్నిటి ఆనవాళ్లూ ఊరి చివర గుల్లల దిబ్బలో ఉన్నాయని, తను మళ్లీ వచ్చేదాకా దాన్ని కాపాడమని, యూనివర్సిటీ నుంచి వచ్చిన కనకరత్నం అతనికి చెప్పి వెళ్లింది. బుల్డోజరు ఆమెకన్నా ముందే వచ్చింది. గవర్రాజు దిబ్బ తవ్వించి, తనకు తెలిసినట్టు కాపాడాడు.

"మధ్యలో నల్లటి పొరలుండాలి కదండీ?" అంది ఆమె.

"పొయ్యి బొగ్గమ్మా. జల్లెడ పట్టి పారబోసినాను."

ఆమె కోప్పడలేదు. "ఆ బొగ్గుతోనే కాలం తెలిసేది. దేని కింద ఏముందో చూస్తేనే మిగతాది తెలిసేది. ఇప్పుడు, ఇక్కడెవరో తిన్నారని మాత్రం చెప్పగలను."

"ఆలెప్పుడెల్లిపోనారో?"

"ఎప్పుడో, ఎందుకో చెప్పలేనండీ."

గవర్రాజు ఇంటికి నడిచాడు. సామాన్లు లారీ ఎక్కేశాయి. భార్య తాయారు పొయ్యిలోని బొగ్గూ బూడిదా చేటలోకి ఎత్తుతోంది. పక్కన పేడనీళ్ల బకెట్టు. ఇల్లు వదిలేటప్పుడు పొయ్యి అలికి పోవడం ఆ ఊరి మర్యాద.

"ఎత్తకే. అలాగుండనీ."

"ఏటీ, మసిపొయ్యి వదిలేసి ఎల్తామా? సూసినోలు నవ్వరూ?"

"సూడనీ."

"రేపు బుల్డోజరొత్తే ఏటుంటాదని?"

గవర్రాజు ఆమె చేతిలోని చేట తీసుకుని, బొగ్గూ బూడిదా అంతా తిరిగి పొయ్యిలోనే పోశాడు.