లేని వీధి

"పరిశోధన చేస్తున్నావా అమ్మా?"

అమ్మాయి గబుక్కున నోటుపుస్తకం మూసేసింది.

మ్యాపుల లైబ్రరీలో పది బల్లలు ఖాళీగా ఉన్నాయి. అయినా ఈ పెద్దాయన వరుసగా నాలుగో రోజు కూడా వచ్చి ఆమె ఎదురుగానే చతికిలబడ్డాడు. చేతిలో భూతద్దం, ముందు ఓ పాత నగరం మ్యాపు. చూపు మాత్రం ఆమె కాగితాల మీద!

"ఏదో చదువుకుంటున్నానండీ."

"దేనిమీద?"

"మ్యాపుల మీద."

"అది కనిపిస్తూనే ఉందిలే," అని నవ్వాడాయన.

ఆమెకి ఒళ్ళు మండింది.

మండదా మరి? మ్యాపుల ప్రచురణ చరిత్ర మీద పీహెచ్‌డీకి యూనివర్సిటీ ఇస్తున్నది ఒకే ఒక్క సీటు, స్కాలర్‌షిప్‌తో సహా. సోమవారం ఇంటర్వ్యూ. ఈ ఏడు తప్పిందంటే వయసు దాటిపోతుంది, మళ్ళీ దరఖాస్తు పెట్టే వీల్లేదు. పోటీకి ఇంకో ఇద్దరున్నారు.

పైగా ఆమెకి ఒకసారి చెయ్యి కాలింది. కిందటేడు క్యాంటీన్లో టీ తాగుతూ, తను రాయబోయే వ్యాసం గురించి స్నేహితురాలి దగ్గర నోరు జారింది. నెల తిరక్కుండా అదే వ్యాసం ఆ మహాతల్లి పేరుతో అచ్చయి కూర్చుంది. అక్క ఆ రోజు ఫోన్లో గంటసేపు తలంటింది.

అందుకే ఈసారి ఏం వెతుకుతోందో అక్కకి కూడా చెప్పలేదు.

వెతుకుతున్నది లేని వీధుల్ని. ఎప్పుడో మూతబడ్డ ఓ మ్యాపుల కంపెనీ, తన ప్రతి మ్యాపులోనూ ఊళ్ళో లేని వీధినొకదాన్ని కావాలనే ఇరికించేది. ఇంకో కంపెనీవాడు ఆ మ్యాపుని కాపీ కొట్టాడంటే ఆ వీధి కూడా దాంతోపాటే వచ్చేస్తుంది. దొంగ అడ్డంగా దొరికిపోతాడు. ఆరు నెలలు కళ్ళు పోయేలా వెతికితే ఆమెకి దొరికిన వీధులు రెండు.

శుక్రవారం పెద్దాయన తన మ్యాపుని ఆమె వైపు తిప్పాడు.

"ఇటు చూడమ్మా. స్టేషన్ వెనకాల, ఇదిగో. ఈ వీధి లేదు."

ఆమె నోటుపుస్తకాన్ని దగ్గరికి లాక్కుంది.

ఈ సంగతి ఈయనకెలా తెలుసు? తను చేతులు కడుక్కోడానికి వెళ్ళినప్పుడు నోటుపుస్తకం తిరగేశాడా? ఆ పోటీవాళ్ళిద్దరిలో ఎవరి తాలూకు ఈ మనిషి?

"మిమ్మల్ని ఎవరు పంపించారండీ?"

ఆయన తడబడ్డాడు. "ఇప్పుడు చెప్పకూడదమ్మా. సోమవారం నీకే తెలుస్తుందిలే."

సోమవారం! ఇంటర్వ్యూ రోజు కూడా తెలుసన్నమాట!

"అది సరే, లేని వీధిని ఎలాంటి చోట పెడతారో చెప్పు చూద్దాం."

"తెలిసినా మీకెందుకు చెప్తాను?"

కోపం రావాల్సింది పోయి ఆయన తెగ మురిసిపోయాడు. "భేష్," అన్నాడు.

ఇక ఆమె ఆగలేకపోయింది. తిన్నగా లైబ్రేరియన్ దగ్గరికెళ్ళింది.

"మేడమ్, ఆయన నా నోట్సు దొంగచాటుగా కాపీ చేసుకుంటున్నాడు."

"మీరు కళ్ళారా చూశారా?"

చూడలేదు. కానీ సోమవారం గుర్తొచ్చింది.

"చూశాను," అనేసింది.

లైబ్రేరియన్ కళ్ళజోడు సర్దుకుని బల్ల దగ్గరికి వచ్చింది. "ఇలాంటివి ఇక్కడ కుదరవండీ. మీ కార్డు ఇలా ఇచ్చేయండి."

హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి.

"నేనా?" అన్నాడు పెద్దాయన. "నేను కాపీ కొట్టానా?"

ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. కార్డు తీసి బల్లమీద పెట్టాడు. వెళ్తూ వెళ్తూ ఆమె వైపు చూసి, "బాగా చదువుకో తల్లీ," అన్నాడు.

పీడ విరగడైంది అనుకుందామె. చెప్పిన అబద్ధం సంగతి ఇంటర్వ్యూ అయ్యాక చూసుకోవచ్చులే అని సరిపెట్టుకుంది.

సోమవారం ఇంటర్వ్యూలో పదినిమిషాలు గుక్కతిప్పుకోకుండా మాట్లాడింది. ప్రొఫెసర్ తలూపాడు.

"సీటు నీదేనమ్మా. కాకపోతే ఓ చిక్కొచ్చి పడింది."

"ఏంటి సార్?"

"ఆ కంపెనీ రికార్డులన్నీ చిత్తుకాగితాల్లో కలిసిపోయాయి. తెలిసినవాళ్ళలో మిగిలింది ఒకే ఒక్క మనిషి. ఆయన చెప్పడం, నువ్వు రాసుకోవడం, ఇదీ మన పరిశోధన. ఏడాదిపాటు బతిమాలితే ఒప్పుకున్నారు, ఒక్క షరతు మీద. 'సీటుకి పోటీపడే పిల్లల్ని లైబ్రరీలో నా కళ్ళతో చూసుకుంటాను, నేనెవరో వాళ్ళకి చెప్పొద్దు' అన్నారు."

ఆమె కళ్ళ ముందు బల్లమీద పెట్టిన ఆ లైబ్రరీ కార్డు మెదిలింది.

"గురువారం ఉత్తరం రాశారు. 'ఈ అమ్మాయికి ఇవ్వండి, ఎంత గుచ్చి గుచ్చి అడిగినా కాగితం చూడనివ్వట్లేదు, మా పనికి ఆ అనుమానమే ప్రాణం' అని. తీరా నిన్న ఫోన్ చేసి, ఇక నోరు విప్పనన్నారు. సీటు మాత్రం నీకే ఇమ్మన్నారు. ఏం జరిగిందని ఎంత అడిగినా చెప్పలేదు."

"నేను వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను సార్. ఇల్లెక్కడ?"

"ఊరొదిలి వెళ్ళిపోయారమ్మా పొద్దున్నే. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు."

"ఎవరు సార్ ఆయన?" అని అడిగింది, తెలిసీ తెలియనట్టు.

ప్రొఫెసర్ నిట్టూర్చాడు.

"ఆ కంపెనీలో నలభై ఏళ్ళపాటు లేని వీధులన్నిటినీ గీసింది ఆయనొక్కరే."