దండ వేసిన ఫొటో

“మొల ఇంకాస్త పైకి కొట్టు. తలుపు తియ్యంగనే కండ్లవడాలె,” అంది మెర్సీ.

భాగ్యశ్రీ కుర్చీ ఎక్కి ఫొటో తగిలించింది. గుబురు మీసాల మనిషి, నుదుట కుంకుమ బొట్టు, ఫ్రేముకు గంధం దండ. ఆయనెవరో ఆమెకు తెలియదు. షాద్‌నగర్ పాత బస్టాండు దగ్గర ఫ్రేములు కట్టే దుకాణంలో, ఎవరూ తీసుకుపోకుండా మిగిలిన ఫొటోల్లోంచి నిన్ననే ఏరుకొచ్చింది.

“ఎవరన్న అడిగితె ఏం చెప్పాలె?”

“ఏం చెప్పకు. దండ ఉన్న ఫొటోను చూసినంక ఎవరూ ఏం అడగరు.”

ఇద్దరూ ఒకే మందుల కంపెనీలో ప్యాకింగు పని చేస్తారు. భాగ్యశ్రీ భర్త విజేందర్ ఏడాది కిందట ఇంకొకామెతో కొత్తకోటలో కాపురం పెట్టాడు. ఆ సంగతి దాచకుండా చెప్పినందుకు నాలుగు ఇళ్లవాళ్లు ఆమెకు గది ఇవ్వలేదు. మొగుడు చచ్చిపోయాడంటే అయ్యో పాపం అంటారట, వదిలేసి పోయాడంటే తలుపు వేసుకుంటారట. ఏం న్యాయమో ఏమో!

ఐదో ఇల్లు సుగుణమ్మది. ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని ఆమె ఒక్కతే ఉంటుంది. వెనక గది కిరాయికి. “సామాను పెట్టుకో, మాపటికి వచ్చి మాట్లాడత,” అని తాళంచెవి ఇచ్చింది.

అన్నట్టే సాయంత్రం వచ్చింది. గోడ మీది ఫొటోను చాలాసేపు చూసింది. భాగ్యశ్రీయే ముందుగా నోరు తెరిచింది.

“మా ఆయన...”

“నాకేం చెప్పకు బిడ్డా. చూస్తేనే సమజైంది. ఫికర్ చెయ్యకు, ఎన్నొద్దులైనా ఉండు.”

భాగ్యశ్రీకి సంతోషంగానే ఉంది, కానీ సిగ్గుగానూ ఉంది. ఎందుకంటే సుగుణమ్మ గదిలోనూ ఒక ఫొటో ఉంది. నల్లకోటు ఆయన, దండ, పైన చిన్న బల్బు. ప్రతి శుక్రవారం ఆమె అద్దం తుడిచి కొత్త బొట్టు పెడుతుంది. ఇరవై ఏళ్లుగా వాడకట్టులో ఆమెను పల్లెత్తు మాట అన్నవాళ్లు లేరు. నిజంగా మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషిని మోసం చేస్తున్నానని భాగ్యశ్రీకి తిన్న అన్నం సహించేది కాదు.

మూడు నెలలు గడిచాయి. ఒకనాడు పక్కింటి నర్సింగమ్మ గడపలో నిలబడి అడిగింది.

“రేపు పెత్రమాస గదా. నీ పెనిమిటి పేరు మీద బియ్యం ఇయ్యవా? పొద్దుగాల పళ్లెం పట్టుకొని గుడికాడికి రా. పోయినోళ్ల పేర్లు చెప్తె అయ్యగారు మంత్రం చదువుతడు.”

“సుగుణమ్మ వస్తదా?”

“ఆమె యేటా పుట్టినూరికి పోయి ఇచ్చొస్తది. వాడకట్టు అంతా వస్తరు, నువ్వు రాకపోతె బాగుండదు.”

భాగ్యశ్రీ సరేనని తలూపింది. చర్చికి పోయే మెర్సీకి ఈ పెత్రమాస సంగతి తట్టనే లేదు. తనకైనా తట్టాలి కదా! అయ్యగారి ముందు ఏ పేరు చెప్పాలి? విజేందర్ పేరు చెబితే బతికున్నవాణ్ణి చంపినట్టు. చెప్పకపోతే గుట్టు బయటపడుతుంది, మళ్లీ బజారున పడాలి. ఆ రోజంతా కుమిలి, సాయంత్రం సుగుణమ్మ దగ్గరికి వెళ్లింది. ఆమె ఊరికి పోవడానికి సంచిలో చీరలు సర్దుకుంటోంది.

“అమ్మా, నేను గది ఖాళీ చేస్త,” అని ఏడ్చేసింది భాగ్యశ్రీ. “గా ఫొటో మా ఆయనది కాదు. దుకాణంల కొన్న. మా ఆయన బతికే ఉన్నడు, నన్ను వదిలేసిండు. రేపు ఎవరి పేరని చెప్పాలె? మీ అసొంటి మనిషిని మోసం చేసిన.”

సుగుణమ్మ తన కొంగుతో ఆమె కళ్లు తుడిచింది.

“ఖాళీ ఎందుకే పిచ్చిదానా! నువ్వు గూడ ఒక చీరె తెచ్చుకో. నాతోని మా ఊరికి రా. రేపటి దినం దాటినంక వద్దాం.”

“మీరు మీ ఆయనకు బియ్యం ఇచ్చుకునే కాడ నేనెందుకమ్మా?”

సుగుణమ్మ గోడ మీది నల్లకోటు ఆయన వైపు చూసి మెల్లగా నవ్వింది.

“గీయనను కొన్నప్పుడు దుకాణపోడు నాకు గూడ పేరు చెప్పలే బిడ్డా.”