జోడు గువ్వల మార్కు

మొదట్లో అప్పాసామి చేతిలో ఉన్నవి ఒక ఇనుప బాణలి, ఒక పాత సైకిలు, అక్క చేతి పాకం. ముప్పై ఏళ్ల వ్యాపారం తర్వాత, కోవిల్‌పట్టి నుంచి విరుదునగరం పోయే బస్సులో కూర్చున్న ఈ పూట చేతిలో ఉన్నది ఒక లాయరు నోటీసు. పక్కన అక్క. ఆమె ఒళ్లో అన్నం క్యారియరు.

“తినురా. పొద్దున కాపీ కూడా తాగలేదు నువ్వు.”

“ఆకలి లేదు అక్కా.”

“నోటీసుకు ఆకలుండదు, నీకుండాది. ఇంద.” చింతపండు అన్నం ముద్ద చేసి అతని అరచేతిలో పెట్టింది. కండక్టరు వస్తే అతని చెయ్యి పక్కకు తోసి, రెండు టికెట్లూ తనే తీసుకుంది. “నీ డబ్బు ఉంచుకో. వక్కీలుకు ఇయ్యాల.”

నోటీసులో సంగతి చిన్నదే. బెల్లం పాకంలో వేరుశనగ పప్పు వేసి, పలకలుగా కోసి అమ్మే కడలై మిఠాయి అప్పాసామిది. దాని పేరు జోడు గువ్వల మార్కు. ఆ పేరును విరుదునగరంలో కొత్తగా పుట్టిన ఒక కంపెనీ రిజిస్టరు చేయించుకుంది. ఇకమీదట అప్పాసామి ఆ పేరుతో అమ్మితే నష్టపరిహారం కట్టాలి.

ఆ మాట పొక్కగానే కడంబూరు అంగళ్లు సరుకు తిప్పి పంపాయి. ఒట్టపిడారం అంగళ్లు కొత్త సరుకు తీసుకోం అన్నాయి. పొయ్యి ఆరింది. పలకలు కోసే ఆడవాళ్లు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోయారు. పోయిన సరుకు మళ్లీ చేసుకోవచ్చు, పోయిన పనివాళ్లు మళ్లీ రావచ్చు. పేరు పోతే మాత్రం, ఈ వయసులో ఇంకో పేరు పెట్టి మళ్లీ సైకిలు ఎక్కడం అతని వల్ల కాదు.

“అవతలివాళ్లు రాజీకి ఒప్పుకుంటారంటావా అక్కా?”

అక్క కిటికీలోంచి నల్లరేగడి చేలవైపు చూసింది. “నన్నడుగుతావు ఏంటికి? వక్కీలునడుగు. బయపడొద్దు. కోర్టు ఏమన్నా పులా?”

“పులి అయితే ఒకసారే తింటుంది.”

విరుదునగరంలో దిగాక అప్పాసామే అన్నాడు, “సతీషు ఇల్లు ఇటే గదా. చూసి పోదామా?”

సతీష్‌కుమార్ అక్క కొడుకు. ఈ ఊళ్లోనే ఈ మధ్య ఏదో వ్యాపారం పెట్టుకున్నాడు.

“వద్దు. పోతే ఏదో ఒకటి అడుగుతాడు. కన్న కడుపు, కాదనలేను. నువ్వు నడువు.”

లాయరు మహేంద్రన్ చిన్నవాడు. ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి కాబట్టి అప్పాసామి ఏరికోరి అతని దగ్గరికి వచ్చాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

“అక్కా, నువ్వు బయట కూర్చుంటావా?”

“ఎండలోనా? అమ్మ పోయినప్పుడు నిన్ను చంకనెత్తుకొని తిరిగినదాన్ని. ఇప్పుడు వీధిలో కూర్చోబెడతావా?”

అప్పాసామి పక్కకు జరిగి ఆమెకు దారిచ్చాడు. ఇద్దరూ లోపలికి పోయారు.

మహేంద్రన్ లేచి ఆమెకు కుర్చీ జరిపాడు. “అక్కగారా? కూర్చోండమ్మా.” నోటీసు పైపైన చూశాడు. “అయ్యా, రిజిస్టరు చేసుకున్నంత మాత్రాన పని అయిపోదు. వాళ్లకంటే ముందు నుంచి, విడవకుండా ఆ పేరు వాడుతున్నారని రుజువు చేస్తే మిమ్మల్ని ఆపలేరు. బిల్లులున్నాయా?”

“మా దాంట్లో మాటే బిల్లు సార్.”

“లేబుళ్లు అచ్చువేసిన రసీదు?”

“లేదు.”

“మిఠాయి తయారీకి లైసెన్సు, కరెంటు కనెక్షను?”

“అవి ఉండాయి. కానీ అక్క పేరున.”

“వ్యాపారం మీది, కాగితం ఆమెదా? ఎందుకట్లా?”

“ఆమె చెయ్యి రాశి సార్, కలిసొస్తాది. మా ఇంట్లో ఏది మొదలెట్టినా ఆ చెయ్యే ముందు. తొలి పాకం ఆమె పట్టాల, తొలి సంతకం ఆమె పెట్టాల.”

అక్క గొంతు సవరించుకుంది. “కాగితం లేనివాడు ఓడిపోతాడా నాయనా?”

“కాగితం లేనివాడికి దారుందమ్మా. సాక్షి లేనివాడే ఓడిపోతాడు.” మహేంద్రన్ ముఖం విప్పారింది. “ఇంకేం? లెక్క తేలిపోయింది. వ్యాపారం తమ్ముడిది, పేరు అతను పెట్టిందే అని మీరు కోర్టులో ఒక్క మాట చెప్పండి, కేసు గెలిచినట్టే. అవతలివాళ్లు అబద్ధం చెప్పి పేరు రాయించుకున్నారని తేలితే చిక్కుల్లో పడేది వాళ్లే. అయ్యా, మీ ఆస్తంతా మీ అక్కగారే!”

అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది.

“ఆమెను బోను ఎక్కించొద్దు సార్,” అన్నాడు అప్పాసామి. “పేరు వదిలేస్తాను. అట్లే రాసేయండి.”

“ఏమిటయ్యా, ఒక్క మాటతో గెలిచే కేసు! ఒక పూట కోర్టుకు వస్తే ఆమె కరిగిపోతుందా?”

“వద్దు సార్.”

“ఏమి వ్యాపారివయ్యా నువ్వు! ఇందులో నీకు మిగిలేదేమిటి?”

అప్పాసామి ఆలోచించలేదు. ఈ లెక్క అతను నోటీసు వచ్చిన రోజే వేసుకున్నాడు.

“పేరు ఖర్చు. మనిషి మిగులు. అంతే సార్.”

మహేంద్రన్ విసుగ్గా తెల్లకాగితం ముందుకు లాక్కున్నాడు. ఎవరికి వదులుతున్నట్టు రాయాలో చూసుకోవడానికి నోటీసు మళ్లీ తిరగేశాడు.

“కంపెనీ ఓనరు చిన్నతాయి అని ఉంది. ఎవరావిడ?”

“నేనే నాయనా,” అంది అక్క.