సాఫ్

పెళ్లి వీడియోలో పెళ్లికూతురి ముఖం మళ్లీ సున్నం కొట్టిన గోడలా తెల్లబడింది. రంగులు మార్చే ప్యానెల్ మీది బంతిని నేనింకా ముట్టుకోనే లేదు.

"కొండలన్నా, గీ బంతి దానంతటదే తిరుగుతున్నట్టుంది. రంగు ఆగుతలేదు."

"నిన్ననే సాఫ్ చేసిన గదా నందినీ," అన్నాడు స్టూడియో ఓనరు, పాన్ నములుతూ. "సాయంత్రం పెళ్లోల్లు ఉప్పుగూడకెల్లి వస్తరు. జల్దీ కానియ్."

బంతిని ఊడదీశాను. కింద వక్కపొడి, వెంట్రుకలు, జిడ్డు. తుడిచాను, కేబుల్ మార్చాను, సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించాను. ముఖం మళ్లీ తెల్లబడింది.

"ఏం సాఫ్ చేసినవన్నా? లోపలంతా మురికే!"

"బంతి ఎవడు తుడిచిండు? మొఖాలు సాఫ్ చేసిన. ఏ వీడియో తెరిచినా పిల్ల తెల్లగొచ్చేటట్టు సాఫ్ట్‌వేర్‌ల పెట్టిన."

సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని తీసేశాను. చెంపల మీద పసుపుతో, పకపకా నవ్వుతూ నల్లటి పిల్ల తెర మీదికి వచ్చింది.

"ఛీ, మల్ల ఖరాబ్ చేసినవ్!"

"పిల్ల గిట్లనే ఉందన్నా. గిట్లనే ఇస్త."

"గింత లొల్లి ఎందుకు? పన్ల చేరిననాడు నేను తీసిన నీ ఫోటో చూసి మస్తుందని మురిసినవ్ గద. అది గూడ సాఫ్ చేసిందే."

నా ఫోన్ తెర మీద ఏడాదిగా ఉన్నది ఆ ఫోటోనే.

మొదటిసారి చూపించినప్పుడు అమ్మ అడిగింది, "గీ ఫోటోల నువ్వేడున్నవ్ బిడ్డా?" అని.

మెచ్చుకుంటోందనుకున్నాను.