అతికించిన పువ్వు

భూతద్దం కింద మోసం బయటపడింది. ముప్పయ్యేళ్ల కిందట నాన్న కొత్త ప్రజాతి అని చాటి పేరు తెచ్చుకున్న చెట్టు నమూనా అది. అట్ట మీద ఎండు కొమ్మ ఒక చెట్టుది, పువ్వు ఇంకో చెట్టుది. మధ్యలో జిగురు.

“పేరు కోసం ఇంతకి ఒడిగట్టావా నాన్నా?”

“వ్యాసం అచ్చయ్యాకే ఆ జిగురు చూశానమ్మా. అప్పుడిక నోరు పెగల్లేదు. ఆ ప్రజాతి లేదని, తప్పు నాదేనని రాసెయ్యి.”

“మరి అంటించిందెవరు?”

“ఎవరైతేనేం? రాయి.”

నమూనా అట్ట మీద అంటించే సవరణ చీటీ నిండా కోపంతో రాశాను. పాత చీటీ పక్కన అంటించబోతూ మరోసారి భూతద్దం పెట్టాను.

ఎండిన జిగురులో బొటనవేలి ముద్ర ఉంది. నా చిటికెనవేలి గోరంత.

ఆ రోజుల్లో బడి సెలవులప్పుడు నాన్న నమూనాలు అంటించే ఈ బల్లెక్కి, జిగురు గిన్నెతో ఆడుకున్నది నేనొక్కదాన్నే.