మేజరు గారి పాఠం

1916లో కెప్టెన్ బార్కోట్సి గుర్రపు దళం వదిలి మా విమాన దళంలోకి వచ్చాడు. కందకాల యుద్ధంలో గుర్రాలకు పని లేకుండా పోయింది. ఆయనకేమో పదోన్నతి మీద తొందర.

మా హంగేరీ వాళ్లలో విమానం నడిపేది నాలాంటి సార్జెంటు, వెనక కూర్చుని హుకుం చేసేది అధికారి. నా పేరు డెమెటర్ అయినా, ఆయన నన్ను "బండివాడా" అనేవాడు.

ఆ ఆగస్టులో రష్యన్ల మీదుగా ఎగురుతుంటే తూటా తగిలి పెట్రోలు ట్యాంకు కారసాగింది.

"వెనక్కి తిప్పేస్తాను, కెప్టెన్ దొరా!" అని అరిచాను.

"గుర్రమెక్కి నేనెన్నడూ వెనక్కి తిరగలేదు. ముందుకు పోనీరా."

పోనిచ్చాను. తిరుగుదారిలో ఇంజను ఆగిపోయి, మావాళ్ల కందకాల ఇవతల బంగాళాదుంప చేలో కూలాం. నా కాలు విరిగింది. ఆయన బట్టలు దులుపుకుని, సాయం పంపుతానని చెప్పి వెళ్లిపోయాడు. సాయంత్రం కాల్బలం వాళ్లు చూసి నన్ను మోసుకెళ్లారు.

నన్ను మోసుకొచ్చినందుకు పతకం ఆయనకిచ్చారు. దాంతో మేజరై, పైలట్ల బడికి పెద్దయ్యాడు.

మరుసటి ఏడు, కుంటికాలితో ఉన్న నన్ను ఆ బడికే మెకానిక్కుగా పంపారు. తరగతి వెనక ఇంజను బిగిస్తూ ఆయన పాఠం విన్నాను.

"ట్యాంకు కారితే వెంటనే వెనక్కి తిరగాలి. నా పైలట్ ఎంత చెప్పినా వినలేదు. భుజాన మోసుకొచ్చాను, అయినా దక్కలేదు పాపం."

"అతని పేరేమిటండీ?" అని ఒక లెఫ్టినెంటు అడిగాడు.

మేజరు నుదురు రుద్దుకుంటూ చాలాసేపు ఆలోచించాడు.

"డెమెటర్ అండి" అన్నాను వెనకనుంచి.

"ఆఁ, అదే" అన్నాడు సంతోషంగా. "నీకెలా తెలుసోయ్?"